మా ఇంటి ఫొటోలో నాలుగో మనిషి

ఇప్పుడు కాఫీ గ్లాసుకి కూడా ఫొటో తీస్తున్నారు గానీ, మా కాలంలో ఫొటో దిగడమంటే ఇంటిల్లిపాదీ ముహూర్తం చూసుకుని బయల్దేరేంత పని. నాకు పాయకరావుపేటలో మాస్టారు ఉద్యోగం వచ్చేనాటికి అమ్మా నాన్నా కలిసి దిగిన ఫొటో ఒక్కటీ లేదు. వెళ్లేలోగా వాళ్లతో ఒకటి దిగి, నా గదిలో పెట్టుకోవాలని పట్టుబట్టాను. నాన్న పెళ్లినాటి కోటు తొడిగాడు (బొత్తాలు అతికష్టం మీద పట్టాయి, గట్టిగా ఊపిరి పీల్చొద్దని అమ్మ హెచ్చరించింది). ముగ్గురం అనకాపల్లి మెయిన్ రోడ్డులో సాయిబుగారి స్టూడియోకి వెళ్లాం.

తీరా సాయిబుగారు నల్లగుడ్డలో తల దూర్చాక అమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. "ముగ్గురు దిగకూడదు సాయిబుగారూ, ఒకరికి కీడంట" అంది. "ఇప్పుడు సెప్తే ఎలాగమ్మా. ఫొటో తీసే గాజుప్లేటు ఒక్కటే ఉంది, కొత్తవి రావాలంటే వారం పడతాది" అన్నారాయన. నాకు ఒళ్లు మండిపోయింది. బీఏ చదివిన కొడుకుని కదా, మూఢనమ్మకాల మీద పావుగంట ఉపన్యాసమిచ్చాను (తరవాత ఉద్యోగంలో ఏ పాఠమూ అంత శ్రద్ధగా చెప్పలేదు). అమ్మ అంతా విని, తన వంతు కోసం బెంచీ మీద కూర్చున్న ఒక ముసలాయన వైపు తిరిగింది. బెల్లం మార్కెట్టుకొచ్చిన రావికమతం రైతు. నెత్తిన ఇంత తలపాగా. "తాతా, ఓపాలి ఇలా వత్తావా? నలుగురమవుతాం" అంది.

ఎందుకని కూడా అడక్కుండా వచ్చేశాడాయన. పెద్దాయన నిలబడితే బాగుండదని నాన్న తన కుర్చీ ఇచ్చేశాడు. అలా మా కుటుంబానికి నడిమధ్యన తలపాగా తాత, పక్కన అమ్మ, వెనకాల నిలబడి నాన్నా నేనూ. "నాన్నా, ఇది మన ఫొటో" అన్నాను పళ్లు బిగించి. "ఆయనేటి నిన్ను తినేత్తన్నాడా?" అన్నాడు నాన్న. తాత వెనక్కి తిరక్కుండానే, "నవ్వు బాబూ, రేపు పెళ్లికి పనికొత్తాది" అన్నాడు. అమ్మా నాన్నా ఫక్కున నవ్వారు. ప్లేటు అయిపోయింది. చాలదన్నట్టు, నాన్న ఇంకో కాపీ వేయించి, బెల్లం మార్కెట్టంతా వెతికి ఆ తాతకిచ్చి వచ్చాడు.

నా గదికి వచ్చినవాళ్లందరూ ఒకటే అడిగేవారు, మీ తాతగారా అని. కాదు, కాదు అని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. మరో ఫొటో తీయిద్దాం, తీయిద్దాం అంటుండగానే నాన్న పోయాడు. ఆ తరవాత ఒక వానాకాలం ఫొటోకి చెదలు పట్టాయి. అవైనా కాస్త ఆలోచించాయా అంటే, నాన్నని, అమ్మని, నన్ను తినేసి, తలపాగా తాతని మాత్రం చెక్కుచెదరకుండా వదిలేశాయి. కూర్చుని ఏడ్చాను.

ఆ మిగిలిన ముక్కే పట్టుకుని రావికమతం వెళ్లాను. చూడగానే ఒకాయన, "మా తాతేనండి" అని ఇంట్లోకి తీసుకెళ్లాడు. గోడ మీద నాన్న. కోటు బొత్తాలు తెగకుండా ఊపిరి బిగబట్టి, నవ్వుతూ. "మా తాతకి ఉన్నది ఇదొక్కటేనండి. ఆ రోజు ప్లేట్లు అయిపోయాయంట, మళ్లీ దిగనేదు" అన్నాడాయన. తరవాత ఫొటోలో ఒక మూల వేలు పెట్టి, "అందరూ నవ్వుతున్నారు గదా, ఈ మొకం మాడ్సుకున్నోడు ఎవలో మాకు తెల్దండి" అన్నాడు.

"మీ తాతకి మనవడి వరస" అన్నాను. అని, ఆ తాత ఆనాడు నవ్వమన్న నవ్వు ఇన్నేళ్లకి నవ్వాను.