కాశమ్మ వేసిన కంప

తాండూరులో మా పక్కిల్లు కాశమ్మది. ఆ ఇంటికి తలుపు ఉండేది కాదు. ఉన్నదాన్ని తనే పీకించి పొయ్యిలో పెట్టింది. వాన లోపలికి కొట్టినా, కుక్కలొచ్చి రొట్టెలెత్తుకుపోయినా సరే, మూసినదేదీ ఆమె కంట పడకూడదు. జనం పిచ్చిదనేవారు. వాళ్ల నోళ్లు పడిపోను, వాళ్లకేం తెలుసు!

నలభై ఎనిమిదిలో, రాజ్యం మారిన ఏడు, ఆమె మొగుడు బీరన్న యాలాల్ దగ్గర ఒక రైతు చేన్లో ఎరువు కోసం గొర్రెల మంద పెట్టాడు. చుట్టూ ఎండు తుమ్మకంప, లోపల గొర్రెల మధ్యనే అతని పడక. సందెవేళ కాశమ్మ బిడ్డను చంకనేసుకుని పోయి బువ్వ పెట్టి, వచ్చేటప్పుడు బయటినుంచి దారికి కంప అడ్డం వేసి వచ్చేది. ఆ రోజు గొర్రెలు బెదిరి ఒక మూలకు ఒత్తుకున్నాయి. గొర్రెలు కాసే కురుమల ఇంట పుట్టిన మనిషి కదా, తోడేలే అనుకుంది. ఇంకో పెద్ద కంప ఈడ్చి మీద వేసింది. వచ్చింది తోడేలు కాదు, మనుషులు. ఎవరన్నది ఇవాళ్టికీ ఎవరూ నోరు విప్పరు. ఆమె ఇంకా అక్కడ ఉండగానే అవతలి వైపు నిప్పు పెట్టారు. బీరన్న బయటికి రాలేదు.

పసిబిడ్డ హన్మమ్మతో కాశమ్మ మాత్రం బతికింది. నిద్ర లేదు, పిల్లను చంక దించదు, ఎవరు తలుపేసినా గావుకేకలు. చివరికి ఆమె అన్న దేవప్ప పిల్లను పెద్దేముల్ తీసుకుపోయాడు. "నువ్వు మంచిగైతెనే పంపిస్త" అన్నాడు. అక్కడ వదిన ఊరుకుందా? "మీ నాయినను లోపలేసి కంప ఏసింది మీ అమ్మనే" అని చెప్పి పెంచింది. పిల్ల తల్లి ముఖం చూడనంది.

బీరన్న పోయిన ఆ ఏడే మా తమ్ముడూ ఇంటికి తిరిగి రాలేదు. అందుకే కాశమ్మను వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. కొన్నేళ్లకు, వికారాబాదులో ఒక డాక్టరమ్మ మనసు బాధలకు వైద్యం చేస్తోందని విని లాక్కుపోయాను. అక్కడ మంచం ఇవ్వరు. ప్రతి గురువారం రైలుబండిలో పోయి, ఆమె చెప్పిన పని వారమంతా ఇంటి దగ్గర చేసి, మళ్లీ గురువారం పోవాలి. డబ్బా తలుపు ఎవరూ మూయకుండా నేనే అడ్డంగా కూర్చునేదాన్ని. ఎవరైనా కసిరితే అంతకు రెండింతలు కసిరేదాన్ని.

వైద్యమేమిటయ్యా అంటే, ఆ సాయంత్రం ఏం జరిగిందో చెప్పించడం. చెప్పగానే "మళ్లీ చెప్పు" అనడం. కంప దగ్గరికి రాగానే కాశమ్మ ఆగిపోయేది. నాకు ఒళ్లు మండింది.

"గిదేం ఇలాజు డాక్టరమ్మా? పుండును కెలుకుడేనా?"

"ఆగిన చోటు దాటాలి జహీరాబీ. దాటితేనే ఆమెకు నిద్ర" అంది ఆమె నెమ్మదిగా.

ఇంటికిచ్చిన పని ఇంకా కష్టం. సందెవేళ మా ఊరి జంగప్ప గొర్రెల మంద దగ్గరికి పోయి ముందు కంపను ముట్టుకోవాలి. అది అలవాటయ్యాక ఈడ్చాలి. ఆ తర్వాత దారికి అడ్డం వేయాలి. మొదట్లో ముట్టుకుని కక్కుకునేది. అయినా మానలేదు. "నా బిడ్డ రావాలె అక్కా" అనేది.

ఒక గురువారం ఆగిన చోటు దాటింది.

"కంప గుంజుతున్న. చేతులు కాలుతున్నయి. అది రాలే. 'కాశీ, ఇడిసిపెట్టు, బిడ్డనెత్తుకొని ఉరుకు' అన్నడు లోపటికెల్లి. ఉరికిన. ఎనుకకు సూడలే అక్కా, నేను ఎనుకకు సూడలే!"

ఆమె అరచేతుల మచ్చలు పొయ్యి దగ్గరివే అనుకున్నానే ఇన్నాళ్లూ! ఆ చేతులు పట్టుకుని భోరున ఏడ్చాను. డాక్టరమ్మ కళ్లు తుడుచుకుని, "మళ్లీ చెప్పు" అంది.

ఆ ఎండాకాలం కాశమ్మ ఇంటికి తలుపు పెట్టించింది. దేవప్ప మాట తప్పలేదు, పిల్లను తెచ్చాడు. హన్మమ్మ గడప దాటలేదు, తల్లి వైపు చూడలేదు. కాశమ్మ ఆ పిల్లకెదురుగా కింద కూర్చుంది. బువ్వ తీసుకెళ్లిన దగ్గర్నుంచి ఉరికిన దాకా ఎక్కడా ఆగకుండా చెప్పింది.

"నన్నెత్తుకొమ్మన్నడా నాయిన?" అంది పిల్ల.

"అవు బిడ్డ. నిన్నే."

తండ్రి ముఖం కూడా గుర్తులేదు ఆ పిల్లకు. హన్మమ్మ గడప మీదే చతికిలబడింది. తల్లి కాలిన చేతిని తన ఒళ్లోకి తీసుకుంది.

"మల్ల జెప్పమ్మా" అంది.