మా కీర్తన కింద పరుగెత్తిన మూడు గొంతులు

నా చిన్నప్పుడు, తొంభైల్లో, బడి వదలగానే నా కాళ్లు లైబ్రరీ వైపే పోయేవి. పన్నెండేళ్ల వయసులో అక్కడ సంగీతం గురించిన లావుపాటి పుస్తకమొకటి నా కంటపడింది. మూడు వందల ఏళ్ల కిందట జర్మనీలో, లూథరన్ చర్చిల్లో జనం పాడుకునే మామూలు కీర్తనల మీదే నాలుగు గొంతుల పాటలు కట్టారని అందులో ఉంది. ఒక గొంతు కీర్తన బాణీని నిదానంగా సాగదీస్తుంటే, మిగతా మూడూ దాని కింద ఒకదాన్నొకటి తరుముకుంటూ పరుగెత్తుతాయట! ఆ కీర్తనల్లో ఒకటి మా చర్చిలో మేం తెలుగులో పాడుకునేదే. ఎగిరి గంతేశాను.

మా పెదనాన్న పోర్టులో క్రేన్ నడిపేవారు. మా చర్చిలో పాటలు పాడే క్వయర్‌కి ఆయనే పెద్ద. ఆ పాట నేర్పమని ఆయన వెంటపడి వేధించాను. ఓడల మీద వచ్చేవాళ్లనడిగి స్వరాల కాగితాలు తెప్పించి, రెండు నెలలు నేర్పారు. సాగే బాణీ పిల్లలది, పరుగులు పెద్దవాళ్లవి. సంఘపెద్దలు మాత్రం ముందే చెప్పేశారు, లూథరన్ చర్చి పుట్టుకను తలుచుకునే సంస్కరణ పండుగనాడు ఇది చెడితే ఇలాంటివి ఇంకెప్పుడూ ఎత్తకూడదని. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. అంతటికీ మూలం నేనే కదా!

పండుగ రోజు పెద్దవాళ్లు అద్భుతంగా అందుకున్నారు. మేం పిల్లలం మొదటి పాదం ఎత్తామో లేదో, జనంలో ముందు చాప మీద కూర్చున్న ఒక మామ్మ తన కీర్తనను గుర్తుపట్టేసింది. చప్పట్లు కొడుతూ, అలవాటైన వేగంతో గొంతెత్తింది. ఆవిడ వెనక ఆడవాళ్లంతా, ఆ వెనక మగవాళ్లూ. మేం మూడో అక్షరం దగ్గరుండగానే వాళ్లు పాదం ముగించేశారు. క్వయర్ దారి తప్పింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెదనాన్న చెయ్యెత్తి ఆపేశారు. "మామ్మా, ఏటంత తొందర?"

"తొందరేటి బాబూ! నువ్వు పుట్టకముందు నుండి పాడతన్నాను నాను. ఈ పిల్లలే నత్తల్లాగ నడుస్తన్నారు."

చర్చంతా ఘొల్లున నవ్వింది.

"అయితే నువ్వూ సాగదియ్యి. నాను చెయ్యెత్తితే అందుకోవాల, దించేదాక వదలకూడదు."

"మరి ఊపిరో?"

"మద్దిలో దొంగతనంగా పీల్చుకో."

అని క్వయర్‌కి వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడ్డారాయన. పాట మళ్లీ మొదలైంది. పాదం పాదానికీ ఆయన చెయ్యి లేచేది. నిండు చర్చి మాతో కలిసి ఒక్కో అక్షరాన్నీ పట్టుకు నిలబడేది. దాని కింద ఆ మూడు గొంతులూ పరుగులే పరుగులు! నా ఒళ్లు ఝల్లుమంది. ముగిశాక మామ్మ "ఇంకోపాలి కానీ బాబూ" అంది. సంఘపెద్దల్లో ఒకాయనే లేచి, "క్రిస్మస్‌కి ఏటి నేర్పుతావు?" అని అడిగారు.

ఆ పాటలు జనం కీర్తనల మీద కట్టినవని నేను చదివాను, నలుగురికీ గొప్పగా చెప్పాను కూడా. చాపల మీద కూర్చున్నది ఆ జనమేనని మాత్రం నాకు తట్టలేదు. ఇప్పుడు ఆ క్వయర్‌కి నేనే నేర్పుతున్నాను. కొత్త పాట ఎత్తిన ప్రతిసారీ ఒక్కసారి వెనక్కి, జనం వైపు తిరిగి, ఎవరి పెదవులు కదులుతున్నాయో చూస్తాను.