డుమస్ కాటేజీల ఉప్పు పంచాయితీ

"రెండు దినాలు రెస్ట్ తీసుకుందువు" అని మా ఆయన డుమస్ బీచ్ కాడ ఒక కాటేజీ కిరాయికి తీసుకున్నడు. పోయి చూస్తే అండ్ల మనమే వండుకోవాల్నట! పర్వత్ పాటియా బస్తీల ఉన్న మా ఇంటి పొయ్యే సముద్రం ఒడ్డుకొచ్చి కూసున్నట్టుంది. నాకు ఒళ్ళు మండింది.

మేమిద్దరం ఏండ్లకేండ్లు సాంచాల మీద బట్ట నేసినోళ్ళం. ఆ మరమగ్గాల చప్పుడుల అరిస్తెనే వినవడ్తది. గందుకే ఇంట్ల గూడ మా మాటంటే అరుపే. ఉల్లిగడ్డలు కోసుకుంట, "ఉప్పు యాడ పెట్టినవ్?" అని అడిగిన. "సంచిల చూడు!" అని ఆయన గూడ గంతే గట్టిగ అన్నడు.

పక్క కాటేజీల ఉన్న గుజరాతీ ఆమె కొట్లాట అనుకోని ఉరికొచ్చింది. నా కండ్లల్ల నీళ్ళు చూసింది. "సెలవని తోల్కొచ్చి వంట చేపిస్తున్నవ్, పైనుంచి ఏడిపిస్తవా?" అని ఆయనను హిందీల కడిగిపారేసింది.

మేం మాట్లాడుడే గిట్లుంటదని చెప్పొచ్చు. చెప్పలే. కొంగుతోని కండ్లు తుడుసుకున్న.

ఇగ ఉన్నన్ని దినాలు ఆయనే వండిండు. నేను బయట కుర్చీల కూసోని తిన్న.

"పప్పుల ఉప్పు జర తక్కువైంది" అన్న. మెల్లగనే అన్న.