తాబేళ్ల మీద దూకే ఆట

కొన్ని రోజులుగా కామారెడ్డి ఆఫీసులో ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. చిన్నప్పుడు ఆడిన వీడియో గేమ్ ఒకటి పదేపదే గుర్తొస్తోంది. ఒక పొట్టి మనిషి తాబేళ్ల మీద దూకుతూ పోయే ఆట అది. ఫోన్‌లో వేసుకున్నాను గానీ, నున్నటి అద్దం మీద వేళ్లు జారాయే తప్ప ఆ బటన్ల పట్టు దొరకలేదు. ఆదివారం పొద్దున్నే మా ఊరు ఎల్లారెడ్డికి బస్సెక్కాను.

ఇంటికి చేరగానే నేరుగా అటక ఎక్కాను. దుబాయ్‌లో పనిచేసే రోజుల్లో మా బాపు పంపిన గేమ్ డబ్బా సంచిలో భద్రంగానే ఉంది. పాత టీవీకి వైర్లు కలిపి, క్యాసెట్‌ను గట్టిగా ఊది పెడితే బొమ్మ వచ్చింది. ఆత్రంలో మొదటి గుంతలోనే పడ్డాను. మళ్లీ పడ్డాను.

వంటింట్లోంచి వచ్చిన అమ్మ, "గట్ల ఉరుకకు బిడ్డా, జర ఎనుకకు జరిగి దుంకు," అంది.

"నీకెట్ల తెలుసమ్మా?"

అమ్మ చేతులు తుడుచుకుని నా చేతిలోని గేమ్ రిమోట్ అందుకుంది. "నువ్వు బడికి పోయినంక ఆడేదాన్ని. మీ బాపు ఫోన్ వస్తదో రాదో అని ఇంట్ల నిలువబుద్ధి కాకపోతుండె."

పొట్టి మనిషిని గుంత దాటించి, తాబేళ్లను తొక్కుకుంటూ పోయింది. గుమ్మం దగ్గర పేపర్ చదువుతున్న బాపు తలెత్తి కాసేపు ఆమెనే చూశాడు. తర్వాత లేచొచ్చి చాప మీద పక్కన కూర్చున్నాడు.

"నాకెన్నడు చెప్పకపోతివి."

"చెప్తే నవ్వుతవనుకున్న," అంది అమ్మ, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

బాపు నవ్వలేదు. వాళ్లిద్దరి మధ్య నాకక్కడ కూర్చోవాలనిపించలేదు. చాయ్ పెడతానని లేచి వంటింట్లోకి వెళ్లాను.