పదేళ్ల గ్యారంటీ పరుపు

మా అత్త తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక ఇంట్లో అందరికీ పని పెరిగింది, ఆమెకు తప్ప. ఆళ్లగడ్డలో మాది చిల్లర సరుకుల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. మామ పోయిన తర్వాత కూడా ఆమె పొద్దున్నే తలకు నూనె పెట్టుకుని గల్లాపెట్టె పక్కన కూర్చునేది. కందిపప్పు గుప్పిట్లోకి తీసుకుని, పోయిన బస్తాకూ ఈ బస్తాకూ తేడా చెప్పేది. అలాంటి మనిషిని పైకప్పు చూస్తూ పడుకోమంటే ఎలా ఉంటుంది? చిరాకంతా నా మీద చూపించేది. నేను మాత్రం తక్కువ తిన్నానా, మాటకు మాట అప్పచెప్పేదాన్ని.

నంద్యాలలో చూపించిన డాక్టరు ఆపరేషన్ వద్దన్నాడు, గుండె తట్టుకోదట. ఎముక సంగతి అలా ఉంచి వీపు చూసుకోమన్నాడు. కదలకుండా పడుకుని పడుకుని ఒత్తుడు పుండు పడిందంటే మనిషి దక్కడం కష్టమని నా మొహం మీదే చెప్పాడు. ఇంటికొచ్చి ఆమెను పక్కకు తిప్పి చూస్తే నడుము కింద అరచేతి మేర ఎర్రగా కమిలి ఉంది. ఆమె పడుకున్నది బూరుగు దూది పరుపు. ఎండబెట్టి, కొట్టి, మళ్లీ కుట్టించి ఇన్నాళ్లు లాగించాం. ఇప్పుడు దాని నిండా గడ్డలే.

కొత్త పరుపు కొనడానికి నేనూ మా ఆయనా నంద్యాల బస్సెక్కాం. బస్సు శిరివెళ్ల దాటాక ఆయన, "ఎంతలో చూద్దాం?" అన్నాడు.

"మంచిది చూద్దాం," అన్నాను.

"మంచిదంటే ఎంతలో?"

మా వైపు మనిషి పోతే, ఆ మనిషి ఆఖరున పడుకున్న పరుపు ఇంట్లో ఉంచుకోరు. అడిగినవాళ్లకు ఇచ్చేస్తారు, ఎవరూ అడగకపోతే ఊరి బయట పడేస్తారు. కాబట్టి ఎంతలో అన్న ప్రశ్న లోపల ఇంకో ప్రశ్న ఉంది. అమ్మ ఎన్నాళ్లుంటుంది? కొడుకుగా ఆయన అది అడగలేడు, కోడలిగా నేను అసలే అడగకూడదు. ఇద్దరం కిటికీ బయట వరి మడులు చూస్తూ కూర్చున్నాం.

నంద్యాలలో పరుపుల అంగడాయన ఒక్కొక్కటే చూపించాడు. కొబ్బరి పీచుది చేతికి చెక్కలా తగిలింది. మామూలు స్పాంజిది నొక్కితే అట్టడుగు తగిలింది. మూడోది మాత్రం చెయ్యి పెడితే మెల్లగా లోపలికి పోయి, తీశాక మెల్లగా పైకి లేచింది. పద్దెనిమిది వేలు. మంచాన పడ్డవాళ్లకు ఇదే మంచిదన్నాడు.

"పదేళ్లు గ్యారంటీ అన్నా. పదేళ్లదాకా గుంత పడితే నన్నడుగు."

"అంత గ్యారంటీ మాకెందుకప్పా," అన్నాడు మా ఆయన.

అంగడాయనకు విషయం అర్థమైపోయింది. గొంతు తగ్గించి, లోపలి నుంచి పలచటి పరుపు ఒకటి లాగించాడు. "అట్లాంటోళ్లకు ఇది ఉండాదన్నా. అందరూ ఇదే కొనుక్కపోతారు," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "అట్లాంటోళ్లంటే ఎట్లాంటోళ్లప్పా? మా అత్త ఇంకా బతికే ఉండాది. ఆ పదేళ్లదే కట్టు," అన్నాను. మా ఆయన బేరం మొదలుపెట్టబోతే మోచేత్తో పొడిచాను. అంగడి ఇంటి మనుషులం, బేరమాడకుండా వస్తువు కొన్నది ఆ ఒక్కసారే. ఆయన ఫోన్లో దుడ్లు కొడుతూ పిన్ నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు. తల్లి గురించి తప్పాడో, బేరం పోయినందుకు తప్పాడో నేను అడగలేదు.

తిరుగు బస్సులో మాత్రం నా వైపు చూడకుండా, "మాయమ్మ పదేళ్లుంటే నాకేమన్నా చేదా?" అన్నాడు. ఆయన మీద కోపం పూర్తిగా పోలేదు కానీ, జాలేసింది.

కొత్త పరుపు మీద అత్త రెండు పూటలా నిద్రపోయింది. కమిలిన చోట ఎరుపు తగ్గుతూ వచ్చింది. ఎంతయిందని అడిగితే మూడు వేలని చెప్పాం. సరేలే అంది. అంతా బాగానే ఉందనుకుంటుండగా నంద్యాల నుంచి మా ఆడబిడ్డ తల్లిని చూడ్డానికి వచ్చింది. ఆమె మా ఆయనకు అక్క. మనసు మంచిదే, గొంతు మాత్రం పెద్దది. వంటింట్లో నేను అసలు ధర చెప్పగానే, "పద్దెనిమిది వేలా? పదేళ్ల గ్యారంటీనా? రేపు ఏమన్నా అయితే ఎవరికో ఒకరికి ఇచ్చేయాల్సిందే గదా! మీకేమన్నా మతి పోయిందా?" అంది. వంటింటికీ అత్త పడుకున్న గదికీ మధ్య సగం గోడే ఉంది. నేను కళ్లతో సైగ చేశాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆడబిడ్డ వెళ్లిన మర్నాడు పొద్దున్నే అత్త పిలిచింది.

"మ్మే, నన్ను కిందికి దించండి. గుండె దడగా ఉండాది."

మా ఇళ్లలో ప్రాణం పోయే వేళకు మనిషిని మంచం మీద ఉంచరు, నేల మీద చాప వేసి దించుతారు. ఆ మాట వినగానే అంగడిలోకి కేకేశాను. మా ఆయన అంగడి వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరం దించాం, తులసి నీళ్లు పోశాం. ఆయన తల్లి చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. కాసేపయ్యాక ఆమె కళ్లు తెరిచి కాఫీ అడిగింది.

మళ్లీ పైకెత్తేటప్పుడు తుంటి కదిలి ఆమె పెట్టిన కేక వీధిలోకి వినిపించింది. మర్నాడు మళ్లీ దడ, మళ్లీ దించమంది. ఆ మర్నాడూ అంతే. చివరికి, "ఊరికే ఎక్కించేదేంది, దించేదేంది. ఈడనే ఉంటాలే," అని చాప మీదే ఉండిపోయింది. పరుపు మీద దుమ్ము పడుతోందని, దానితో వచ్చిన ప్లాస్టిక్ సంచి మళ్లీ తొడిగించింది. మనిషేమో నేల మీద, పరుపేమో మంచం మీద. మానుతున్న చోట చర్మం చిట్లి రసి కారింది. ఫోన్ చేస్తే డాక్టరు నా మీద అరిచాడు. ఇంట్లో పరుపు పెట్టుకుని నేల మీద పడుకోబెడతారా అన్నాడు.

ఆ మధ్యాహ్నం పుండు కడుగుతూ అడిగేశాను. "అత్తా, నిజం చెప్పు. నీకు దడ వస్తాండాదా, లేదా?"

ఆమె దాచలేదు. "రాలేదు. వచ్చేది ఎప్పుడొస్తాదో మనకు తెలుస్తాదా? ఆ పొద్దు మీరు యాడుంటారో ఏమో. దాని మీదనే పోయినాననుకో, పద్దెనిమిది వేలు ఊరి బయట పడేస్తారు. నేను దాని మీద పోకుంటే అది ఇంట్లోనే ఉంటాది. పదేళ్లంట గదా? నీ నడుమునొప్పికి పనికొస్తాది. నేను అన్నీ చూసుకునే చేస్తాండా."

నా నడుమునొప్పి గురించి ఆమెతో ఎప్పుడూ అనలేదు. బియ్యం బస్తా జరిపేటప్పుడు మూలుగుతానేమో, విని ఉంటుంది. నాకు ఏడుపూ కోపమూ కలిసే వస్తాయి, ఏది ముందో తెలియదు. మా ఆయన వచ్చి బతిమాలాడు. "దుడ్లు పోతే పోనీలేమ్మా, ఇచ్చేస్తే ఇచ్చేస్తాం," అన్నాడు. "అంగడి నడిపేవాడు మాట్లాడే మాటేనా నాయనా అది?" అని ఆమె మొహం తిప్పుకుంది.

ఇక నా వల్ల కాలేదు. వంటింట్లోకి వెళ్లి కత్తి తెచ్చాను. ప్లాస్టిక్ సంచి చీల్చి, పరుపు అంచున మూరెడు పొడవున కోసేశాను. అది తేలిగ్గా తెగలేదు. గుడ్డ పట్టి లాగాను, చెయ్యి లోపలికి పెట్టి స్పాంజి పీకి గది నిండా పారేశాను. అత్త కింద నుంచి గుండెలు బాదుకుంటోంది. మా ఆయన గుమ్మంలో నిలబడి, "ఏందే, నీకు పిచ్చి పట్టిందా?" అంటున్నాడు.

"చూడత్తా, దీన్ని ఇంక అమ్మినా ఎవరూ కొనరు. ఊరికే ఇచ్చినా తీసుకోరు. నేను చచ్చినా దీని మీద పండుకోను. ఇది నీకు తప్ప ఇంకెవరికీ పనికిరాదు. ఇప్పుడన్నా ఎక్కుతావా?"

ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నన్నే కాదు, నన్ను పెంచినవాళ్లను కూడా వదల్లేదు. తిడుతుండగానే ఇద్దరం ఎత్తి పరుపు మీద పడుకోబెట్టాం. మొహం గోడవైపు తిప్పుకుని సాయంత్రం దాకా సణుగుతూనే ఉంది. నేను స్పాంజి ముక్కలు ఏరి ఆమె పక్కన కుప్ప పోశాను. కాసేపటికి ఆమె చెయ్యి దానంతటదే కదిలింది. ఒక్కొక్క ముక్కే తీసి కోసిన చోట లోపలికి కుక్కడం మొదలుపెట్టింది.

అంతా కుక్కాక, గోడనే చూస్తూ, "మ్మే," అంది.

"ఏందత్తా?"

"అయితే ఇది నాదేనా?"

"నీదే."

"నేను పోతే?"

ఆ మాట నేనూ మా ఆయనా ఎప్పుడూ పైకి అనలేదు. బస్సులో అనలేదు, పరుపుల అంగట్లో అనలేదు. దానికి జవాబు నేను చెప్పాల్సి వచ్చింది.

"నీతోనే పంపిస్తాం," అన్నాను.

ఆమె కళ్లు మూసుకుంది. అన్నాళ్లూ చాప మీద బిగపట్టుకుని పడుకున్న మనిషి, మెల్లగా ఒళ్లు వదిలేసి పరుపులోకి దిగింది.