బంగారం తీసి వెండి పెట్టిన రోజు

ఆ రోజుల్లో అమెరికాలోని ఎడిసన్‌లో తెలుగిళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. అన్నిళ్ళ పిల్లలూ డాక్టరీకో ఇంజనీరింగుకో ఎగబడుతుంటే, రాజేశ్వరమ్మగారి అబ్బాయి భీమశంకర్ ఒక్కడే మిలటరీలో చేరాడు. డెబ్భై ఏడులో కాలేజీ చదువు సగంలో వదిలేసి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వెళ్ళి సంతకం పెట్టి వచ్చాడు. తండ్రి లక్ష్మీనారాయణ పేరున్న కంపెనీలో ఇంజనీరు. ఆయన కొడుకుని తిట్టలేదు, అడగలేదు. మాట్లాడటం మానేశాడంతే. శనివారాలు నలుగురూ కలిసి భోంచేసేటప్పుడు ఎవరైనా కదిపితే, "మావాడు ఆర్మీలో ఆఫీసర్" అని ఒక్క ముక్క అని మాట మార్చేసేవాడు. పక్కన పులిహోర వడ్డిస్తున్న రాజేశ్వరమ్మ కూడా అదే విన్నది, అదే నమ్మింది. కట్టుకున్నవాడు నలుగురిలో అబద్ధమాడతాడని ఏ ఇల్లాలు అనుకుంటుంది?

కొడుకు ఏం పని చేస్తాడో మాత్రం ఆవిడకి ఎంత అడిగినా కొరుకుడు పడలేదు. తుపాకీ కాలుస్తావా నాయనా అని ఫోన్‌లో అడిగితే, ఎప్పుడో తప్ప లేదమ్మా, నాది సప్లై పని అనేవాడు. బూట్లు, దుప్పట్లు, గుడారాలు, లారీల్లో పోసే డీజిలు, సైనికులు తినే రొట్టె, అన్నీ ఎక్కడికి ఎప్పుడు చేరాలో చూడటమట. ఆవిడ చాలా ఆలోచించి, "అంటే పెళ్ళిలో ఉగ్రాణం మీద కూర్చున్నట్టా?" అని అడిగింది. వాడు నవ్వి అచ్చంగా అంతేనమ్మా అన్నాడు. ఆ మాట మొగుడికి చెబితే ఆయన పళ్ళెంలోంచి తల ఎత్తకుండా, "ఆ, ఉగ్రాణమే. దానికోసం చదువు మానాలా?" అన్నాడు. ఆవిడకి ఆ ఈసడింపు నచ్చలేదు. వాళ్ళ పెదతండ్రి ఉగ్రాణం మీద కూర్చుంటే ఆరు వందల మంది తిన్న పెళ్ళిలో కూడా చివరి పంక్తికి నెయ్యి తక్కువయ్యేది కాదు. అదేం చిన్న పనా?

ఏటికో ఫొటో వచ్చేది. మొదటి దాంట్లో చొక్కా చేతిమీద ఏమీ లేదు. తరువాత దాంట్లో ఒక గీత వచ్చింది. ఆ పైఏడు గీత పోయి గద్ద బొమ్మ వచ్చింది. అది గరుత్మంతుడే అనుకుని ఆవిడ ఆ రోజు చక్రపొంగలి చేసి నైవేద్యం పెట్టింది. మరుసటి ఏడు గరుత్మంతుడూ మాయమయ్యాడు, మూడు గీతలొచ్చాయి. చేసిన పొంగలి వృథా అయిందా, ఫలించిందా తెలియలేదు. జర్మనీ నుంచి వచ్చిన ఫొటోలో నాలుగు గీతలు నిండుగా ఉన్నాయి. ఆవిడ దానికి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంది. అయితే ఇంటికి ఎవరొచ్చినా, వాళ్ళు కార్ దిగేలోపే లక్ష్మీనారాయణ ఆ ఫొటో తీసి అల్మారాలో పెట్టేసేవాడు. దిష్టి తగులుతుందని కాబోలు అనుకుని ఆవిడ కూడా అలవాటు పడిపోయింది. కాలింగ్ బెల్ మోగితే చాలు, చేయి దానంతటదే ఫ్రేము మీదికి వెళ్ళేది.

ఆవిడకున్న కోరిక ఒక్కటే. తండ్రీ కొడుకూ ఒక్కసారి పక్కపక్కన నిలబడాలి. వాడు సెలవుల్లో వస్తే ఆయన పైన గదిలోకి వెళ్ళిపోతాడు. వాడు కింద సోఫాలో కూర్చుని, నాన్నగారు బాగున్నారా అని తల్లినే అడుగుతాడు.

ఎనభై నాలుగు వేసవిలో జార్జియా నుంచి కొడుకు ఫోన్ చేశాడు. గొంతులో ఉత్సాహం పొంగుతోంది.

"అమ్మా, ఆఫీసర్‌ని అవుతున్నాను. నువ్వూ నాన్నగారూ రావాలి."

ఆవిడ ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"ఇప్పుడవుతున్నావా? మరి ఇన్నాళ్ళూ ఏమిటిరా?"

"ఇన్నాళ్ళూ సార్జెంట్‌నమ్మా."

సార్జెంట్ పెద్దదా, ఆఫీసర్ పెద్దదా అని అడగబోయి సిగ్గుపడి ఊరుకుంది. వాడు మాత్రం గబగబా చెప్పుకుపోయాడు. జర్మనీలో చలికాలం కసరత్తులప్పుడు గుడారాలన్నీ ఒక ఊరికి, వాటిని నిలబెట్టే కర్రలన్నీ ఇంకో ఊరికి పోయాయట. మంచులో మూడు వందల మంది. భీమశంకర్ ఒక రైతుని బతిమాలి, గడ్డి మోసే ట్రాక్టర్ల మీద చీకటి పడేలోపు కర్రలు తెప్పించాడట. అది చూసిన పెద్ద దొర, నువ్వు ఆఫీసర్ స్కూలుకి అప్లై చేయి అన్నాడట. అప్పటికే సాయంత్రం క్లాసులకి వెళ్ళి మానేసిన చదువు పూర్తి చేసుకున్నాడట. ఆవిడకి కర్రల కథ బాగా అర్థమైంది. మిగిలిందే అయోమయం.

మొగుడిని అడిగితే బీన్స్ తరుగుతున్నవాడు తరుగుతూనే, "వాళ్ళ పద్ధతులు వాళ్ళవి, మనకెందుకు" అన్నాడు. ఆఫీసులో సెలవు దొరకదని జార్జియా వెళ్ళనూ లేదు, ఆవిడని వెళ్ళనివ్వనూ లేదు.

నెల తిరక్కుండా ఫొటో వచ్చింది. రాజేశ్వరమ్మ దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూసింది. నాలుగు గీతలూ పోయాయి. భుజం మీద అగ్గిపుల్లంత బంగారు రంగు బిళ్ళ ఒక్కటే మిగిలింది. ఏదో తప్పు చేస్తే హోదా తగ్గించేశారు, వాడేమో తల్లి బాధపడుతుందని ఆఫీసర్ అయ్యానని చెబుతున్నాడు! అంతకన్నా ఏముంటుంది? పోనీ, బంగారమన్నా మిగిల్చారు అని ఎవరికీ చెప్పుకోకుండా రెండేళ్ళు దేవుడికి దీపం పెట్టుకుంది.

ఎనభై ఆరు వచ్చేసరికి కొడుకు న్యూజెర్సీలోనే, ఇంటికి గంట దూరంలోని బేస్‌కి బదిలీ అయ్యాడు. ఓ సాయంత్రం ఫోన్ చేసి, అమ్మా ప్రమోషన్, కొత్త బిళ్ళలు మీ ఇద్దరి చేత్తోనే పెట్టించుకుంటాను అన్నాడు. ఈసారి ఆవిడ మొగుడిని అడగలేదు. తిన్నగా ఎదురింటి జయంతికి చెప్పింది. జయంతికి చెబితే టౌనుకి చెప్పినట్టే. "మేమూ వస్తాం వదినగారూ, మా కార్‌లోనే వెళ్దాం, ఆయన డ్రైవ్ చేస్తారు" అని జయంతి అప్పటికప్పుడే తేల్చేసింది. ఎదురింటివాళ్ళు కార్ తీసి వాకిట్లో నిలబడ్డాక లక్ష్మీనారాయణ రాననడానికి లేకపోయింది. దారి పొడుగునా ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. కార్‌లో ఎక్కితే కడుపులో తిప్పుతుంది కాబోలు అనుకుంది జయంతి.

చిన్న హాలు, జెండాలు, మడత కుర్చీలు. లక్ష్మీనారాయణ వెనక వరసలో చివరి కుర్చీ చూసుకున్నాడు. పైఅధికారి మాట్లాడటం మొదలుపెట్టాడు. జయంతి రాజేశ్వరమ్మ చెవి దగ్గర చేరి తెలుగులో చెబుతోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"వదినగారూ, డెబ్భై ఏడులో మామూలు సిపాయిగా చేరి, పెట్టెలు మోశాడంటున్నాడేమిటి? మనవాడు ఆఫీసరుగానే చేరాడు కదా?"

ఆవిడకీ అదే ప్రశ్న. వెనక్కి తిరిగి మొగుడి వంక చూస్తే ఆయన బూట్లు చూసుకుంటున్నాడు.

ఈలోపు తల్లిదండ్రుల్ని రమ్మని పిలిచారు, ఆయన లేవలేదు. రాజేశ్వరమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని ముందుకి వెళ్ళింది. కొడుకు బొమ్మలా నిటారుగా నిలబడ్డాడు. ఒక సార్జెంట్ వచ్చి, వాడి రెండు భుజాలమీదా ఉన్న బంగారు బిళ్ళలు ఊడదీసి, ఆవిడ చేతిలో ఒక తెల్లటి బిళ్ళ పెట్టాడు. వెండిది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఊడదీసిన బంగారాన్ని చూసింది.

"నేను పెట్టను" అంది.

"అమ్మా" అన్నాడు భీమశంకర్ పెదవి కదలకుండా.

"నాలుగు గీతలు తీసేశారు, ఊరుకున్నాను. ఇప్పుడు బంగారం తీసి వెండి నన్నే పెట్టమంటారా? కన్నతల్లి చేత్తోనా? నీ తప్పేమిటో వీళ్ళనే చెప్పమను."

పైఅధికారికి భాష తెలియదు, ఏదో ప్రార్థన అనుకున్నాడో ఏమో తల వంచుకున్నాడు. భీమశంకర్ అటెన్షన్‌లో ఉన్నాడు, కదలకూడదు, వివరించకూడదు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడు వెనక కుర్చీ కిర్రుమంది. లక్ష్మీనారాయణ లేచి, మధ్య దారిన నడిచి వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

"పెట్టవే. వీళ్ళకి వెండే పైది."

"మీకేం తెలుసు?"

"తెలుసు. ఏ గీతా లేకుండా చేరాడు. తరవాత ఒక గీత. గద్ద వచ్చింది, అది స్పెషలిస్ట్. మూడు గీతలకి సార్జెంట్, నాలుగుకి స్టాఫ్ సార్జెంట్. అవన్నీ దాటాకే వీడికి ఆ బంగారు బిళ్ళ వచ్చింది. కింద నుంచి ఒక్కొక్క మెట్టూ ఎక్కి వచ్చాడు. మా ఆఫీసులో పాత సైనికుడొకడున్నాడు, లంచ్ దగ్గర వాణ్ణి అడిగేవాణ్ణి. ప్రతి ఫొటోకీ అడిగాను."

ఆయన మెల్లగా చెప్పినా ఆ గదిలో వినపడనిది లేదు. ముందు వరసలోంచి జయంతి ఆగలేకపోయింది.

"అన్నయ్యగారూ, మరి మాకు మొదట్నుంచీ ఆఫీసరనేగా చెప్పారు?"

లక్ష్మీనారాయణ ఆమె వైపు తిరిగాడు. మొహం కందగడ్డలా ఉంది.

"చెప్పానమ్మా. కాస్త ముందుగా చెప్పాను."

రాజేశ్వరమ్మ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. అడగాల్సినవి బోలెడున్నాయి గానీ, ఆయన కొడుకు పక్కన నిలబడి ఉన్నాడు. ముందు అది చెదరకూడదనిపించింది. ఎడమ భుజానికి బిళ్ళ పెట్టింది. సార్జెంట్ అందించిన రెండో బిళ్ళ కుడి భుజానికి ఆయన పెట్టాడు. సూది గుచ్చుకున్నట్టుంది, కొడుకు చిన్నగా ఉలిక్కిపడ్డాడు.

"నొప్పెట్టిందిరా?"

"లేదు నాన్నగారూ."

తండ్రి కొడుకుని నేరుగా అడిగిన మాట తొమ్మిదేళ్ళలో అదే మొదటిది.

తరువాత కేకు ముక్కలు తింటూ ఆవిడ కొడుకుని పక్కకి పిలిచి, దీని తరవాత ఏమిటిరా అని అడిగింది. రెండు వెండి బిళ్ళలమ్మా, ఆ తరవాత బంగారు ఆకు, ఆ పైన వెండి ఆకు అన్నాడు. ఆవిడ ముక్కున వేలేసుకుంది. ఎక్కుతున్నాడో దిగుతున్నాడో తెలియని ఈ లెక్క ఏ తలమాసినవాడు పెట్టాడో అని గొణుక్కుంది.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలింది. ఆవిడ లోపల కాఫీ కలుపుతుంటే కాలింగ్ బెల్ మోగింది. విషయం తెలిసి రెండు వీధుల అవతలి వాళ్ళు కూడా వచ్చేశారు. జయంతి ఊరుకుంటుందా? రాజేశ్వరమ్మ గబగబా హాల్లోకి వచ్చి అలవాటు కొద్దీ నాలుగు గీతల ఫొటో మీద చేయి వేసింది.

"ఉండనీవే" అన్నాడు లక్ష్మీనారాయణ, తలుపు తీయడానికి వెళుతూ.

ఆవిడ చేయి వెనక్కి తీసుకుంది. దిష్టి సంగతేమిటో మరి, అది కూడా తరవాత అడగాలి అనుకుంది.