బాలవాడిలో తల్లి వెలసిన రోజు

అరవైల మొదట్లో నేను తాండూరుకు నాలుగు మైళ్ల దూరంలోని ఒక ఊళ్లో బాలవాడి టీచరును. పంతొమ్మిదేళ్లు. వికారాబాదులో మా నాన్నతో మూడు నెలలు పోట్లాడి తెచ్చుకున్న ఉద్యోగం. ఆయన చివరికి ఒప్పుకున్నాడు గానీ, "నెల రోజుల్ల వాపసొస్తవు, సూడు" అని రైలెక్కిస్తూ అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుని ఉండేది.

మా బాలవాడి అంటే ఒక గది, ముందు చిన్న అరుగు. కింద తాండూరు బండలు పరిచి ఉండేవి కాబట్టి చల్లగా ఉండేది. రిజిస్టరులో పందొమ్మిది మంది పిల్లలు. వచ్చేది ఏడుగురు. అందులో ఇద్దరు ఉప్మా అయిపోగానే లేచిపోయేవారు. తల్లులు పొలాలకు, గొర్రెల మందల వెంట వెళ్తూ పిల్లలను చంకన వేసుకునే పోయేవారు. ఎవరో పట్నపు పిల్ల చేతిలో రెండేళ్ల బిడ్డను ఎందుకు పెట్టాలి అన్నది వాళ్ల ప్రశ్న. ఇప్పుడు ఆలోచిస్తే న్యాయమైన ప్రశ్నే.

ఫాల్గుణంలో బ్లాకు ఆఫీసు నుంచి చీటీ వచ్చింది. వచ్చే మంగళవారం ఆఫీసరమ్మ తనిఖీకి వస్తున్నారు, పిల్లల చేతిపనులు చూస్తారు, హాజరు కనీసం పదిహేను లేకపోతే బాలవాడిని వేరే ఊరికి మారుస్తారు. ఆ వేరే ఊరికి వేరే టీచరు అప్పటికే సిద్ధంగా ఉందని నాకు తెలుసు. నేను మాత్రం రైలెక్కి నాన్న ముందు నిలబడాలి.

శిక్షణలో మాకు వసంతకాలపు చేతిపనులని ఒక పాఠం చెప్పారు. రంగుకాగితంతో సీతాకోకచిలుక, దూదితో కుందేలు. ఆ ఊళ్లో రంగుకాగితం అంటే బీడీకట్టకు చుట్టినదే. అందుకని ఉన్నవాటితోనే మొదలుపెట్టాను. జొన్నబెండుతో ఎడ్లబండి చేద్దామంటే బెండంతా నమిలి పారేశారు. బంకమట్టితో మామిడిపండు చేద్దామంటే మట్టి తిన్నారు. తుమ్మజిగురు ముట్టుకోనివ్వకుండా ఎత్తులో పెడితే, ఒకడు గోడ పట్టుకుని ఎక్కి మరీ తిన్నాడు, మిగిలింది పక్కవాడి జుట్టుకు పూశాడు. ఆ జుట్టు కత్తిరించాల్సి వచ్చి, వాడి తల్లి వచ్చి నన్ను కడిగి పారేసింది. దాంతో ఏడుగురు ఆరుగురయ్యారు.

అప్పుడు నాకు గొప్ప ఆలోచన వచ్చింది. పిల్లలు నోట్లో పెట్టుకోని వస్తువు ఈ ఊళ్లో ఏముంది? వేపాకు. అప్పుడే లేత చిగుళ్లు వేసి కళకళలాడుతోంది. సోమవారం పొద్దున ఆరుగురినీ కూర్చోబెట్టి, ఉన్నితాడు సాగదీసి కట్టి, వేపరెబ్బలు తాడు ముడుల్లో గుచ్చమన్నాను. ఒకరిద్దరు రుచి చూసి, మొహం ముడుచుకుని, బుద్ధిగా పనిలో పడ్డారు. నా తెలివికి నాకే ముచ్చటేసింది. ఆ తర్వాత మోదుగుపూలు ఉడికించిన నీళ్లలో చిటికెడు పటిక కలిపి, అందులో చిన్నచేతులు ముంచి, ద్వారానికి అటూ ఇటూ తెల్లగోడ మీద అద్దించాను. పసుపుపచ్చని పన్నెండు చేతులు. పిల్లలు ఇళ్లకు పోయాక తోరణం గుమ్మానికి కట్టి, రోడ్డు మీదికి వెళ్లి నిలబడి చూసుకున్నాను. బ్రహ్మాండంగా ఉంది.

మా ఆయా ఆ రోజు ఊళ్లో లేదు. గొర్లకాపరుల ఇంటి ముసలవ్వ, మనవరాలి పెళ్లిమాటలకని దోమ అనే ఊరికి వెళ్లింది. ఉండి ఉంటే ఒక్క ముక్కలో ఆపేది.

సాయంత్రం పొలాల నుంచి వస్తున్న ఆడవాళ్లు మా గది చూసి గబుక్కున ఆగిపోయారు. ఒకామె చంకలో బిడ్డను కొంగులో కప్పేసుకుంది. ఇంకొకామె దూరం నుంచే రెండు చేతులూ జోడించింది. ఇన్నాళ్లకు నా కష్టం గుర్తించారని నేనూ తిరిగి దండం పెట్టాను.

మంగళవారం పొద్దున తలుపు తీసేసరికి గడప ముందు ఒక ముంతలో మజ్జిగ, ఆకులో పెరుగన్నం ఉన్నాయి. పిల్లలు లేరు. ఎనిమిదైంది, తొమ్మిదైంది. ఒక్క పురుగు లేదు. అంతలో అవ్వ దోమ నుంచి వచ్చింది. వచ్చి అరుగు ఎక్కకుండా కిందనే నిలబడింది.

"తల్లి ఎవలికి పోసింది బిడ్డా? నీకేనా?"

అప్పుడు గానీ నా బుర్రలో దీపం వెలగలేదు. గుమ్మానికి వేపాకు, గోడకు పసుపు చేతులు. అమ్మవారు పోసిన, అంటే మశూచి సోకిన ఇంటికి కట్టే గుర్తులు నేనే దగ్గరుండి కట్టించాను. వికారాబాదులో మా వీధిలోనూ ఆ గుర్తు చూసి పక్కసందులోంచి తిరిగి పోయినదాన్నే. తనిఖీ గోలలో కళ్లు మూసుకుపోయాయి. ఏడుపు ముంచుకొచ్చి తోరణం పీకబోయాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"పీకి పారేస్తే తల్లిని ఎల్లగొట్టిందంటరు. ఇగ ఈ జన్మల ఒక్క పిల్లను గూడ తోలరు."

"మరి ఎట్ల అవ్వా? ఆఫీసరమ్మ వస్తుంది."

"రానియ్యి."

ఆఫీసరమ్మ జీపు పదింటికి వచ్చింది. అద్దాలు, చేతిలో ఫైలు, గట్టి నడక. గుమ్మం చూడగానే ఆ నడక ఆగింది. డ్రైవరు అడగకుండానే జీపును వెనక్కి తీసుకుపోయాడు. అక్కడి నుంచే ఆమె అడిగింది.

"లోపల ఎవరికైనా...?"

"లేదండీ. అది చేతిపని. వసంతకాలానిది."

ఆమె నన్ను, గోడను, మళ్లీ నన్ను చూసింది. "మూఢనమ్మకాలు నాకు లేవమ్మా," అంది. "కాకపోతే మా ఇంట్లో చంటిపిల్ల ఉంది." ఒక్క అడుగు ముందుకు వేయలేదు. హాజరు ఎంత అని అడిగితే రిజిస్టరు తెస్తానని లోపలికి పోయాను.

అవ్వ అప్పటికే ఊళ్లోకి పోయింది. బాలవాడిలో తల్లి శాంతించింది, సల్లగ సాగనంపుదాం, పిల్లలను తీసుకుని రండి అని ఇల్లిల్లూ చెప్పి వచ్చింది. అరగంటలో సందులన్నీ కదిలాయి. పసుపునీళ్ల బిందెలు, పెరుగన్నం, ప్రతి చంకలో ఒక పిల్ల. అవ్వ ఆఫీసరమ్మ చేతిలో బిందె పెట్టి, "నువ్వు పెద్దముత్తైదువ్వి, కుమ్మరియ్యి" అంది. ఫైలు నా చేతికిచ్చి, ఆమె వంగి గడప మీద పసుపునీళ్లు పోసింది. ఎంతో శ్రద్ధగా, నాలుగు మూలలూ తడిసేట్టు పోసింది. ఊరివాళ్లే తోరణం విప్పి వాగు దాకా తీసుకుపోయారు. పిల్లలు బండల మీద వరుసగా కూర్చుని పెరుగన్నం తిన్నారు. ఆఫీసరమ్మ తలలు లెక్కపెట్టింది. ముప్పై రెండు. 'తల్లుల సహకారం అమోఘం' అని ఫైల్లో రాసింది. మిగతాది రాయలేదు, నేనూ గుర్తు చేయలేదు.

నా ఉద్యోగం నిలిచింది. సంతోషంతో ఎగరబోతుండగా ఒకామె వచ్చి తన రెండేళ్ల పిల్లను నా ఒళ్లో కూర్చోబెట్టింది. అంతకుముందు నాలుగుసార్లు ఇంటికి వెళ్లి అడిగినా తలుపు తీయని మనిషి.

"పోయినేడు నా పెద్దదాన్ని తల్లి తీస్కపోయింది," అంది. "గిప్పుడు తల్లి నీ ఇంట్ల అన్నం తిని సల్లగ పోయింది. ఇగ ఈడుంటే దీనికేం గాదు. సూస్కో టీచరమ్మ."

నా నవ్వు ఎక్కడిదక్కడే ఆగింది. ఇక్కడికి ఏ తల్లీ రాలేదు, నేను చేసిన తెలివితక్కువ పని అది అని చెప్పాలి. చెప్పలేదు. సిగ్గేసింది, భయమూ వేసింది. ఆ పిల్ల నా చీర తడిపేసి హాయిగా నిద్రపోయింది.

రాత్రికల్లా టీకాలకు మనిషిని పంపమని ఆఫీసుకు ఉత్తరం రాసి, మరునాడు పొద్దున నేనే తాండూరు నడిచి వెళ్లి ఇచ్చి వచ్చాను. పదో రోజున టీకాలు వేసే అతను సైకిలు మీద వచ్చాడు. అదివరకు అతన్ని చూస్తే ఊరు ఊరంతా పిల్లలను గడ్డివాముల వెనక దాచేది. ఈసారి ముప్పై రెండు మందీ బాలవాడిలోనే ఉన్నారు. "మొదట ఎవరు?" అన్నాడు. ఆ పిల్లను నేనే ఒళ్లో పెట్టుకున్నాను. తల్లులంతా గుమ్మంలో గుమిగూడారు. పిల్ల కెవ్వుమని నా ముంజేతిని కొరికింది, పళ్లు దిగాయి. నేను చెయ్యి లాక్కోలేదు.

గుమ్మంలోంచి దాని తల్లి పక్కావిడతో, "టీచరమ్మ పట్టుకున్నది గద, ఏం గాదు" అని చెప్పడం వినపడింది. పక్కావిడ తన పిల్లవాణ్ణి ముందుకు తోసింది.